అల్మారాలోని స్కాచి సీసా, అడవిలోని ఇప్పసారా కుండ

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పింఛను అనేది సర్కారు దయతలచి వేసే దానం కాదని, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులు ఇప్పటికే కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నేను ఆబ్కారీ శాఖలో గుమాస్తాగా చేరి, ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాల్లోనే సర్వీసు ముగించినవాణ్ణి. కనుక నన్ను ఒక చిత్రమైన విషయం మీద మాట్లాడమన్నారు. అదే స్కాచి సీసా.

నవ్వకండి. మన సంఘం సభ్యుల్లో కనీసం పదిమంది ఈ రెండు మూడేళ్లలో నన్ను పక్కకు పిలిచి ఇదే సంగతి అడిగారు. "మా పెద్దబ్బాయి దుబాయి నుంచి తెచ్చిండు. ఇరవై ఏండ్లుగా అల్మారాలో ఉన్నది. ఇప్పుడు దాని ధర ఎంత ఉంటది? తాగితే పనికొస్తదా? పాతబడ్డకొద్దీ మంచిదంటరు, నిజమేనా?" ఈ ప్రశ్నలు మగవారు అడిగినవి. ఒక అమ్మ మాత్రం వేరే ప్రశ్న అడిగింది. "అన్నా, మా ఇంట్ల చిన్నోనికి తాగుడు అలవాటున్నది. ఆ సీసా ఇంట్ల ఉంచాల్నా, పారబొయ్యాల్నా?" ముందు తేలిక ప్రశ్నలకు జవాబు చెప్పి, ఆ తర్వాత ఆ అమ్మ ప్రశ్నకు వస్తాను.

స్కాచి అంటే ఏమిటి

విస్కీ అంటే ధాన్యాన్ని నానబెట్టి, పులియబెట్టి, వండి దించిన సారా. అది స్కాట్లండులోనే తయారై, అక్కడే ఓకు కర్ర పీపాల్లో కనీసం 3 సంవత్సరాలు నిలవ ఉంటేనే స్కాచి అనిపించుకుంటుంది. సీసాలోకి ఎక్కేనాటికి ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. ఈ మూడేళ్ల నిబంధన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో వచ్చిన చట్టంతో మొదలైంది. దించిన సారాను వెంటనే అమ్మడం ఆపడానికి చేసిన చట్టం అది.

ఇందులో రెండు ప్రధాన రకాలు. మొలకెత్తించిన బార్లీతో రాగి బట్టీల్లో వండేది మాల్టు విస్కీ. గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాలతో పెద్ద గోపురంలాంటి బట్టీలో ఆగకుండా దించేది గ్రెయిన్ విస్కీ. మొదటిది ఘాటు, రెండోది తేలిక. ఈ రెండూ తగుపాళ్లలో కలిపితే బ్లెండెడ్ స్కాచి. జానీ వాకర్, వ్యాట్ 69, షివాస్ రీగల్ వంటివన్నీ ఈ కలిపిన రకమే. సీసా మీద 12 సంవత్సరాలు అని ఉంటే, అందులో కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నది 12 ఏళ్లు పీపాలో ఉన్నదని అర్థం.

ఇప్పుడు మీ ప్రశ్న. ఈడు పెరిగేది పీపాలో మాత్రమే. కర్రలోని సారం సారాలోకి దిగుతుంది, కర్ర సందుల్లోంచి గాలి ఆడుతుంది, దానివల్ల రంగు, వాసన వస్తాయి. గాజు సీసాలో పోసి మూత బిగించిన క్షణాన ఆ పని ఆగిపోతుంది. 12 ఏళ్ల విస్కీ మీ అల్మారాలో 20 ఏళ్లు కూర్చుంటే అది 32 ఏళ్లది కాదు, 12 ఏళ్లదే. మన ఆవకాయ జాడీ లెక్క దీనికి వర్తించదు. పైగా మన ఎండలకు నష్టమే. వెలుతురు తగిలితే రంగు, రుచి చెడతాయి. బెండు మూత ఎండి ముక్కలవుతుంది. పడుకోబెడితే సారా తగిలి బెండు ఇంకా త్వరగా చెడుతుంది, కాబట్టి నిలబెట్టే ఉంచుతారు. మూత ఎంత బిగుతుగా ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ లోపలిది కొంచెం కొంచెంగా ఆవిరవుతుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. దాని వెనుక నా నౌకరీకే వచ్చిన ఒక గండం ఉన్నది.

ఇక ధర. విదేశాల్లో పాత సీసాలు వేలం వేస్తారు, నిజమే. అక్కడ ధర పలికేవి ఎక్కువగా అరుదైన రకాలు, మూసివేసిన బట్టీలవి. లక్షల సంఖ్యలో తయారై విమానాశ్రయాల్లో అమ్ముడయ్యే మామూలు సీసాకు అంత గిరాకీ ఉండదు. అదీగాక, లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం మన ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. ఒక్క సీసా అయినా నేరమే. నలభై ఏళ్లు మచ్చ లేకుండా నౌకరీ చేసి, డెబ్బై ఏళ్ల వయసులో సీసా అమ్మబోయి కేసులో ఇరుక్కోకండి. ఖాళీ సీసాను కూడా అట్టనే పాతసామాన్లవాడికి వేయకండి. లేబులు చింపి వేయండి. మంచి పేరున్న ఖాళీ సీసాల్లో నాసిరకం సరుకు నింపి అమ్మేవాళ్లు మా రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

దొంగసారా దొరల పానీయం అయిన కథ

ఈ స్కాచి పుట్టుక వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మనం గొప్పగా చూసే ఈ సీసా రెండు వందల ఏళ్ల కిందట అచ్చంగా దొంగసారా. స్కాట్లండు కొండల్లో రైతులు తమ బార్లీతో తామే వండుకునేవారు. సర్కారు పన్ను వేసింది. పన్ను పెరిగినకొద్దీ బట్టీలు కొండ చరియల్లోకి, గుహల్లోకి పోయాయి. ఆబ్కారీ సిబ్బంది పట్టుకోవడం, కుండలు పగలగొట్టడం, కొట్లాటలు జరగడం. ప్రసిద్ధ స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ కూడా 1789 నుంచి ఆబ్కారీ ఉద్యోగే. కవిత్వం రాస్తూ, గుర్రమెక్కి తనిఖీలు చేస్తూ తిరిగాడు. మన శాఖకు అంతటి ఘనత ఉన్నదని తోటి ఆబ్కారీ మిత్రులు సంతోషించవచ్చు.

దెబ్బలతో పని జరగదని అక్కడి సర్కారు చివరికి గ్రహించింది. 1823లో కొత్త చట్టం చేసి సుంకం తగ్గించింది. ఏడాదికి 10 పౌండ్లు కట్టినవాడు లైసెన్సు తీసుకుని బాజాప్తా వండుకోవచ్చు అన్నది. మరుసటి ఏడు గ్లెన్‌లివెట్ లోయలో జార్జి స్మిత్ అనే రైతు లైసెన్సు తీసుకున్నాడు. ఇరుగుపొరుగు దొంగబట్టీలవాళ్లు అతని బట్టీని తగలబెడతామని బెదిరిస్తే, నడుముకు రెండు పిస్తోళ్లు కట్టుకుని తిరిగాడట. కొద్ది సంవత్సరాల్లోనే దొంగబట్టీలు చాలావరకు తగ్గిపోయాయి.

తర్వాత ఇంకో విశేషం. నేను చెప్పిన గోపురం బట్టీకి 1830 ప్రాంతంలో పేటెంటు పొందినవాడు ఈనియాస్ కాఫీ. ఆయన ఐర్లండులో ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసి, నౌకరీ వదిలేసినవాడు. జీవితమంతా బట్టీలు తనిఖీ చేసినవాడే కొత్త బట్టీ కనిపెట్టాడన్నమాట. ఆ చవక విస్కీని మాల్టుతో కలిపి అమ్మడం 1860ల నుంచి పెద్ద వ్యాపారమైంది. కలిపినవాళ్లలో చాలామంది కిరాణా వర్తకులు. కిల్‌మార్నక్ అనే ఊళ్లో 1820లో కిరాణా కొట్టు పెట్టినవాడు జాన్ వాకర్. అతని కొడుకు, మనవల కాలంలో చదరపు సీసా, ఏటవాలు లేబులు వచ్చాయి. చదరపు సీసాలైతే పెట్టెలో ఎక్కువ పడతాయి, ఓడలో తక్కువ పగులుతాయి. రెడ్ లేబుల్, బ్లాక్ లేబుల్ అనే పేర్లు 1909లో పెట్టారు. వ్యాట్ 69 కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1882లో విలియం శాండర్సన్ అనే వర్తకుడు దాదాపు నూరు తొట్లలో నూరు రకాల మిశ్రమాలు తయారుచేసి, తెలిసినవాళ్లను పిలిచి రుచి చూపించాడు. అందరూ మెచ్చినది 69వ నంబరు తొట్టి. వ్యాట్ అంటే తొట్టి. మన పాత సినిమాల్లో విలను బల్ల మీద ఆ సీసా చూసినవాళ్లకు దాని వెనుక ఇంత రుచి పరీక్ష ఉన్నదని తెలియదు.

అదే కాలంలో ఫ్రాన్సు ద్రాక్షతోటలకు ఒక పురుగు పట్టి, ద్రాక్షసారాయి, బ్రాందీ కరువయ్యాయి. లండన్ దొరలు బ్రాందీ గ్లాసు పెట్టి విస్కీ గ్లాసు పట్టారు. సామ్రాజ్యం పోయిన చోటికల్లా స్కాచి పోయింది. సికింద్రాబాదు కంటోన్మెంటుకూ వచ్చింది.

మన అడవి సంగతి

ఇక ఆదిలాబాదుకు వద్దాం. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వైపు తెల్లవారుజామున పోయినవారికి ఇప్పచెట్టు కింద గంపలతో ఏరుతున్న ఆడవాళ్లు, పిల్లలు కనబడతారు. తెల్లారకముందే పువ్వు రాలుతుంది. ఎండబెడితే ఏడాది నిలవ ఉంటుంది. కరువులో ఉడికించుకుని తింటారు, పశువులకు పెడతారు. గింజల నుంచి నూనె తీస్తారు. పువ్వును నానబెట్టి వండితే ఇప్పసారా. గోండు, కోలాం గూడేల్లో పుట్టుకకు, పెళ్లికి, చావుకు, దేవుని కొలువుకు అది కావాలి. మొదటి చుక్క భూమికి, పెద్దలకు వదిలిన తర్వాతే మనుషులకు.

నిజాం రాజ్యంలో భూమిశిస్తుతో పాటు ఆబ్కారీ ఖజానాకు ప్రధాన ఆదాయం. 1316 ఫస్లీ నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం మేం నౌకరీలో చేరేనాటికి రద్దయినా, పాత మిసిళ్లలో దాని దఫాలే కనబడేవి. ఆ విధానంలో సొంతంగా వండుకోవడం నేరం, వేలం పాడుకున్న ముస్తాజరు దుకాణంలో కొనుక్కోవడం ధర్మం. చెట్టు గూడెంవాళ్లది, పువ్వు ఏరేది వాళ్లే, తాగేది వాళ్లే. లాభం మాత్రం దుకాణదారుది, సుంకం సర్కారుది. బొంబాయి రాజ్యంలోనైతే 1892లో చట్టం చేసి, కొన్ని జిల్లాల్లో ఇప్పపువ్వు దగ్గర ఉంచుకోవడం మీదనే ఆంక్షలు పెట్టారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత, నిజాం ప్రభుత్వం పిలిపించగా వచ్చి మార్లవాయిలో నివాసమున్న హైమన్‌డార్ఫ్ దొర, దుకాణంలో అప్పు పెట్టి తాగిన గోండుల భూములు ఎట్లా చేతులు మారాయో రాసిపెట్టాడు. భూమి పోయింది ముఖ్యంగా అడవి చట్టాల వల్ల, పట్టాల మోసం వల్ల. సారా దుకాణం దానికి తోడైంది.

స్కాట్లండు రైతుకు 1823లో దొరికిన లైసెన్సు మన గోండు రైతుకు దొరకలేదు. రెండు చోట్లా కొండే, రెండు చోట్లా ఇంటి బట్టీయే. ఒకటి ప్రపంచ వ్యాపారమైంది, ఇంకొకటి పంచనామా అయింది.

మాలఖానాలో ఎనిమిదేళ్లు

నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. 1970లలో అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని ఒక తాలూకా కేంద్రంలో నేను ఎల్.డి.సి.ని. ముద్దెమాల్ రిజిస్టరు నా దగ్గర ఉండేది. కార్యాలయం పేరు, అధికారుల పేర్లు అవసరం లేదు. ఇప్పసారా కేసులు వారానికి రెండు మూడు వచ్చేవి. పట్టుకున్న చోటే ఊట పారబోసి, కుండ పగలగొట్టి, శాంపిలు సీసా ఒకటి రసాయన పరీక్షకు, ఇంకొకటి మాలఖానాకు. పంచనామా కాగితం ఒక పేజీ, జరిమానా పాతిక రూపాయలో, యాభయో. కట్టలేనివాడు జైలుకు పోయేవాడు.

1974లో ఒక వేరే కేసు వచ్చింది. బాజాప్తా కాగితాలు లేని ఒక స్కాచి సీసా ఒక సంపన్నుడి దగ్గర దొరికింది. దాన్ని పారబోయలేదు. మూతకు గుడ్డ చుట్టి, లక్క పోసి, ఆఫీసు సీలు వేసి, రిజిస్టరులో ఎక్కించి అలమరలో పెట్టారు. వాయిదాలు నడిచాయి. కేసు తేలకముందే ముద్దాయి కాలం చేశాడు. సీసాను ఏం చేయాలో ఆర్డరు రాలేదు. ఏటేటా తనిఖీకి వచ్చిన ప్రతి అధికారి ఇతర ముద్దెమాల్ మీద టిక్కు పెట్టి, ఈ సీసాను మాత్రం చేతుల్లోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, "ఉన్నది" అని సంతకం చేసేవాడు.

రేకుల కప్పు, మే నెలలో ఆదిలాబాదు ఎండ. ఏడేళ్లు గడిచేసరికి సీసాలో మట్టం వేలెడు తగ్గింది. కొత్తగా వచ్చిన అధికారి చూశాడు. "ముద్దెమాల్‌లో తరుగు ఎట్లా వచ్చినదీ మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను" అని నాకు మెమో. అప్పుడే యు.డి.సి. జాబితా తయారవుతున్నది. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. నేను సారా ముట్టనివాణ్ణి, కానీ ముట్టలేదని ఎవరికి చూపించాలి? రాత్రి నా భార్య అడిగింది, "నువ్వు తాగలేదని నాకు ఎరుక, సర్కారుకు ఎట్ల ఎరుకైతది?" అని.

జవాబు మూడు ముక్కల్లో రాశాను. ఒకటి, లక్క సీలు చెక్కుచెదరలేదు, ఫైలులోని సీలు ముద్రతో సరిపోతున్నది. రెండు, 1974 పంచనామాలో మట్టం కొలత రాయలేదు, సీసా ఒకటి అని మాత్రమే రాశారు. మూడు, అదే అలమరలో అదే ఏడాది సీలు వేసిన ఇప్పసారా శాంపిలు సీసాలు నాలుగున్నాయి. వాటి సీళ్లు కూడా చెదరలేదు, వాటి మట్టం ఇంకా ఎక్కువ తగ్గింది. వాటిని కూడా ఎవరో తాగారని అనుకోవాలంటే, ఆ తాగినవాడు స్కాచికీ ఇప్పసారాకూ తేడా తెలియనివాడై ఉండాలి. చివరి వాక్యం హెడ్ క్లర్కు కొట్టేయించాడు, మిగతాది పంపాం. అధికారి స్వయంగా వచ్చి నాలుగు సీసాలూ పోల్చి చూసి, "తదుపరి చర్య అవసరం లేదు" అని రాశారు. న్యాయంగానే వ్యవహరించారు.

1982లో ధ్వంసం చేయమని ఆర్డరు వచ్చింది. పెరట్లో గుంట తీసి, పంచుల ఎదుట సీలు విప్పి పోశాం. వాసన అవతలి వీధి దాకా పోయింది. మా అటెండరు ఉట్నూరు వైపు గోండు పెద్దమనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. నేను దాదా అని పిలిచేవాణ్ణి. గుంట పూడుస్తూ అన్నాడు, "సారూ, ఇది కూడ సారనే గద. మా కుండనైతే పట్టిన్నాడే పలగ్గొట్టిన్రు. దీన్ని ఎన్మిదేండ్లు కండ్లల్ల పెట్టుకొని కాసిన్రు." నా దగ్గర దానికి జవాబు లేదు. ఆయన కోపంతో అన్నది కాదు, లెక్క చెప్పినట్టు అన్నాడు.

సారాకు నిషేధం, సీసాకు సెలవు

దాదా చెప్పిన లెక్క ఆ తర్వాత పెద్ద ఎత్తున చూశాం. 1980లలో సర్కారే వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు పల్లెపల్లెకూ పంపింది. కూలి డబ్బులు ఇంటికి చేరేలోపే దుకాణానికి చేరేవి. 1990, 91 నాటికే మన రెండు జిల్లాల పల్లెల్లో అజ్ఞాత దళాలు సారా అమ్మరాదని శాసించాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు, అక్షరాస్యత పుస్తకాలు చదువుకుని, సారా బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపేశారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు. ఆడవాళ్లు గెలిచారు.

కానీ గమనించండి. నిషేధించింది ప్యాకెట్ సారాను. సీసాలో విస్కీ, బ్రాందీ అప్పుడు కూడా అమ్మారు. వాటికి నిషేధం 1995 జనవరి 16న వచ్చింది, 1997లో ఎత్తేశారు. సారా మీది నిషేధం మాత్రం అట్టనే ఉన్నది. ఫలితం ఏమైంది? చవక సారా తాగినవాడు ఖరీదైన సీసాకు మారాడు, అది కొనలేనివాడు గుడుంబాకు మారాడు. నల్లబెల్లం, పటిక వేసిన గుడుంబా ఎన్ని ఇళ్లు కూల్చిందో కరీంనగర్ జిల్లా పల్లెల్లో నౌకరీ చేసిన మీకు నేను చెప్పనక్కరలేదు. గుడుంబా నిర్మూలనకు తెలంగాణ వచ్చాక 2015 నుంచి గట్టి దాడులు జరిగాయి.

1995, 97 మధ్య రోజులు ఉద్యోగులకు గుర్తుండే ఉంటాయి. ఖజానాకు రాబడి తగ్గింది, జీతాలు ఎట్లా అని మనమే క్యాంటీన్లలో మాట్లాడుకున్నాం. 1996లో 2 రూపాయల బియ్యం 3 రూపాయల 50 పైసలైంది. నిషేధం ఎత్తేసినప్పుడు మనలో చాలామంది లోలోపల ఊపిరి పీల్చుకున్నారు. ఈ మాట కటువుగా ఉండవచ్చు. మద్యం మీది ఎక్సైజు, అమ్మకపు పన్ను కలిపితే రాష్ట్ర సొంత రాబడిలో పెద్ద వాటా. మన పింఛను హక్కే, నకారా తీర్పు ముమ్మాటికీ నిజం. ఆ హక్కును చెల్లించే రూపాయిల్లో కొన్ని, నేను చెప్పిన ఆ అమ్మ కొడుకు జేబులోంచి వచ్చినవే. అందుకని మనం పింఛను వదులుకోనక్కరలేదు. కానీ తాగుడు మన సంగతి కాదు, వేరేవాళ్ల సంగతి అనుకునే వీలు మనకు లేదు.

దుబాయి సీసా

ఇప్పుడు మన అల్మారాలకు వద్దాం. 1970ల నుంచి జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి వేలమంది పిల్లలు గల్ఫుకు పోయారు. అప్పుడు బొంబాయి మీదుగా, 2008 నుంచి శంషాబాద్ మీదుగా. విదేశీ మద్యం దిగుమతి మీద పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్ 1 దాకా ఉండేవి. దాని తర్వాత కూడా సుంకం భారీగానే ఉండేది. అందుకే సుంకం లేని దుకాణంలో కొన్న సీసాకు ఊళ్లో అంత గౌరవం. బంగారం అక్కకు, సెంటు బావకు, సీసా నాన్నకు. నాన్న తాగడు. అయినా పారబోయడు, ఎందుకంటే కొడుకు 45 డిగ్రీల ఎండలో ఇనుప చువ్వలు మోసి సంపాదించిన దాంతో కొన్నది. అద్దాల అల్మారాలో సత్యనారాయణస్వామి పటం కింద అరలో అది కూర్చుంటుంది. అది ప్రేమ గుర్తు, నేను కాదనను.

కానీ దాని విలువ ఇక ముందు ఇంకా తగ్గుతుంది. 2025 జులై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో స్కాచి మీద సుంకం 150 నుంచి 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి తగ్గించడానికి ఒప్పుకున్నారు. కనుక రేపు అమ్ముకోవచ్చని, మనవడి పెళ్లికి గొప్పగా తీయవచ్చని దాచుకునేవాళ్లు ఆ లెక్క మానుకోండి.

ఇక ఆ అమ్మ ప్రశ్న. నా జవాబు ఇది. ఇంట్లో తాగుడు నుంచి బయటపడాలని చూస్తున్న మనిషి ఒక్కడున్నా, ఆ సీసా ఇంట్లో ఉండకూడదు. సింకులో పోసి, లేబులు చింపి, సీసా పారేయండి. తెచ్చిన కొడుక్కి ఫోను చేసి కారణం చెప్పండి, అర్థం చేసుకుంటాడు. గుమాస్తా భాషలో చెప్పాలంటే, ఆ ముద్దెమాల్‌ను ధ్వంసం చేయడానికి ఎనిమిదేళ్లు ఆర్డరు కోసం ఎదురు చూడనక్కరలేదు.

మన వయసువాళ్లకు ఇంకో మాట. చక్కెర జబ్బుకు మందులు, ఇన్సులిన్ వాడేవారు తాగితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉన్నది. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు రెట్టింపై, రాత్రి లేచినప్పుడు పడిపోతాం. డెబ్బైలో తుంటి విరిగితే ఎట్లుంటదో మన సభ్యుల్లో చూశాం. బీపీ మాత్రలు వాడేవారు కూడా డాక్టరుకు దాచకుండా చెప్పాలి. స్కాచి గనుక ఏం కాదు అనే మాట వైద్యశాస్త్రంలో లేదు. ఏ సీసాలోనైనా, ఏ కుండలోనైనా ఆల్కహాలు ఒక్కటే.

సంఘానికి నా విన్నపాలు మూడు. ఒకటి, పదవీ విరమణ సన్మానాల్లో, షష్టిపూర్తుల్లో సీసా బహుమతిగా ఇవ్వడం మన సంఘం సభ్యులు మానుకోవాలి. ఒక పుస్తకమో, ఒక మొక్కో ఇవ్వండి. రెండు, సంఘం కార్యాలయంలో నెలకోసారి ఒక డాక్టరును పిలిపించి, తాగుడుతో బాధపడే కుటుంబాలు గుట్టుగా మాట్లాడుకునే ఏర్పాటు చేయాలి. పింఛను చేతికి వచ్చిన రోజే కొడుకు గుంజుకుపోయే ఇళ్లు మనలో ఉన్నాయి. పేర్లు చెప్పను, మనకు తెలుసు. ఆ తల్లుల బ్యాంకు పాసుపుస్తకాలు, ఏటీఎం కార్డులు భద్రంగా ఉండటానికి సంఘం సాయం చేయగలదు. మూడు, ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. మన వార్షికోత్సవానికి మిఠాయి దుకాణం నుంచి కాకుండా వాళ్ల దగ్గర తెప్పించండి. వచ్చే ఏడు ఆ బాధ్యత నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపానీయాల మీద నియంత్రణ అధికారం గ్రామసభకు ఇవ్వాలన్నది. అది కాగితం మీది నుంచి గూడెం దాకా నడిస్తే, ఏది వండుకోవాలో, ఏ దుకాణం వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు. నేను రాసిన వందల పంచనామాల్లోని మనుషులకు ఆ మాట ఎప్పుడో దక్కవలసింది.

చాలాసేపు ఓపికగా విన్నారు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయని అధ్యక్షులవారు చేతి గడియారం చూపిస్తున్నారు. లైఫ్ సర్టిఫికెట్లు ఇంకా ఇవ్వనివారు భోజనం తర్వాత కార్యదర్శిగారి బల్ల దగ్గరికి రావలసిందిగా మనవి.